జ్వరం తగ్గి నెలలు గడిచాయి, మా అమ్మాయికి పగలంతా నిద్రే. ఇది బద్ధకం కాదని నా మనసు చెప్తోంది

కాకినాడ_అమ్మ
సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ మీరు రాసేవి చదవడమే కానీ నేనెప్పుడూ రాయలేదు. ఇవాళ రాయక తప్పలేదు.

మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. ఆగస్టులో ఇంటిల్లిపాదికీ ఫ్లూ వచ్చింది. మా వారికీ నాకూ నాలుగు రోజుల్లో తగ్గింది. పాపకి వారం పట్టింది, జ్వరం 103 దాకా వెళ్ళింది. తగ్గాక మామూలుగానే ఉంది. దసరాకి అమ్మమ్మ గారింటికెళ్ళి పిల్లలతో ఆడుకుంది కూడా. దీపావళి దాటాక మొదలైంది ఈ నిద్ర.

బడిలో నిద్ర, బస్సులో నిద్ర, అన్నం ముందు కూర్చుని కునికిపాట్లు. రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుని ఆరున్నరకి లేస్తుంది. ఫోన్ దాని చేతికి ఇవ్వం. అయినా క్లాసులో నిద్రపోతోందని డైరీలో ఇప్పటికి పదకొండు సార్లు రాసి పంపారు. ఒక టీచరమ్మ ఎండలో నిలబెట్టారట. నిలబడే కళ్ళు మూసుకుందట.

నిన్న దాని సోషల్ నోట్సు తీసి చూశాను. ఫ్రెంచి విప్లవానికి కారణాలు గుండ్రంగా రాసుకుంటూ వచ్చింది. మూడో కారణం దగ్గర అక్షరాలు సన్నబడ్డాయి, ఆ తర్వాత అక్షరాలే లేవు, ఒక్క గీత పేజీ అడుగు దాకా జారిపోయింది. దాని కింద "అమ్మ నీళ్ళు తెమ్మంది బస్సు" అని ఉంది. ఇదేంటమ్మా అంటే, రాసినట్టే గుర్తు లేదంది. ఆ పేజీ చూసి నాకు చేతులు వణికాయి.

థైరాయిడ్, రక్తం, షుగర్ అన్నీ బాగున్నాయి. బీ12 కొంచెం తక్కువుందని ఇంజెక్షన్లు ఇచ్చారు, ఏం మార్పు లేదు. మూడు నెలల్లో ఆరు కిలోలు పెరిగింది. "టీనేజ్ కదమ్మా, ఈ వయసులో అంతే" అన్నారు డాక్టరు గారు. చుట్టాలు కుంభకర్ణుడి చెల్లెలని పిలుస్తున్నారు. అది నవ్వేసి ఊరుకుంటుంది, రాత్రి నా పక్కన పడుకుని ఏడుస్తుంది.

జ్వరానికీ దీనికీ సంబంధం ఉంటుందా? ఎవరికైనా ఇలా జరిగిందా?

బోధన్_అన్న
సోమవారం, రాత్రి 11:15

చెల్లెమ్మా, టెన్షన్ పడకు. నాకు డెంగీ వచ్చినప్పుడు ప్లేట్‌లెట్లు 28 వేలకు పడిపోయినయ్. తగ్గినంక కూడా మూడు నెలలు లేచి నిలబడాలంటే ఓపిక లేదు. పొలం కాడికి పోతే గట్టు మీదనే కూలబడేటోణ్ణి. మెల్లమెల్లగ అదే తగ్గింది. వైరల్ జ్వరాల తర్వాత నీరసం అందరికీ ఉంటది. పాపకు మంచి తిండి పెట్టు.

నెల్లూరు_పెద్దమ్మ
మంగళవారం, ఉదయం 6:05

తల్లీ, దిష్టి తీసెయ్యి, అందులో నష్టం ఏముంది. రాగి జావ పొయ్యి. కానీ ఒకటి అడగతా. రాత్రి పూట గురక పెడతందా? నోరు తెరుచుకోని పడుకుంటందా? మా మనవడికి గొంతులో కండలు పెరిగి రాత్రంతా ఊపిరాడక పగలు తూగతా ఉండేవాడు. ఆపరేషన్ చేసినాక కుదురుకున్నాడు. ముందు అది చూపించు. జలుబు మాత్రలు ఏమన్నా రోజూ వేస్తన్నావా? వాటికీ మత్తుంటది.

కాకినాడ_అమ్మ
మంగళవారం, ఉదయం 7:20

గురక లేదు పెద్దమ్మా, మాత్రలు కూడా ఏమీ లేవు. రాత్రి నిద్ర మాత్రం కలతగా ఉంటోంది. నాలుగైదు సార్లు లేస్తోంది. ఎవరో గదిలోకి వచ్చి గుండెల మీద కూర్చున్నారు, అరుద్దామంటే గొంతు రాలేదని రెండుసార్లు చెప్పింది. నేను పీడకల అనుకుని విభూతి పెట్టాను.

మానేరు_తీరం
మంగళవారం, ఉదయం 9:48

అక్కా, మీరు రాసిన ఆ గీత గురించి చదివి ఆఫీసులో పని ఆపేసి రాస్తున్నా. నా ఇంటర్ పుస్తకాల నిండా అవే గీతలు.

నాది కరీంనగర్, ఇప్పుడు హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం. 2009లో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది, మే నెలలో. మరుసటి ఏడాది మా హాస్టల్‌లో గది గదికీ జ్వరం. నాకూ వచ్చింది. పరీక్ష చేయలేదు కాబట్టి అది అదే ఫ్లూ అని చెప్పలేను. కానీ నాలుగైదు నెలల తర్వాత నా జీవితం మారిపోయింది. స్టడీ అవర్‌లో నిద్ర, పరీక్షలో నిద్ర, ఒకసారి సైకిల్ మీద నిద్ర. మోకాలికి ఏడు కుట్లు పడ్డాయి. వార్డెన్ చన్నీళ్ళు కొట్టేవాడు. నాన్న చదువు ఇష్టం లేక వేషాలేస్తున్నావని బెల్టు తీశాడు.

అప్పట్నుంచి తొమ్మిదేళ్ళు తిరిగాను. రక్తహీనత అన్నారు, డిప్రెషన్ అన్నారు, ఒకాయన మూర్ఛ మందులు ఏడాదిపాటు వాడించాడు. 2019లో ఒక న్యూరాలజిస్టు నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "నవ్వినప్పుడు నీ మోకాళ్ళకి ఏమన్నా అవుతుందా?" నేను ఆ కుర్చీలోనే ఏడ్చేశాను. ఎందుకంటే అవుతుంది, అది ఎవరికీ చెప్పలేదు. దోస్తులు జోక్ వేస్తే గోడ పట్టుకునేవాణ్ణి. స్పృహ ఉంటుంది, అన్నీ వినిపిస్తాయి, ఒళ్ళు మాత్రం మాట వినదు.

నా జబ్బు పేరు నార్కోలెప్సీ. ఆ గుండెల మీద కూర్చున్నట్టు అనిపించడం నాకూ ఉంది. అది ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా కొందరికి ఎప్పుడో ఒకసారి వస్తుంది, కానీ పగటి నిద్రతో కలిసి వస్తే పట్టించుకోవాలి.

మీ పాపకి అదే అని నేననను. రెండు విషయాలు మాత్రం గమనించండి. ఒకటి, నవ్వినప్పుడు దాని ముఖం, చేతులు, మోకాళ్ళు. రెండోది నీరసమా, నిద్రా అన్నది. బోధన్ అన్న చెప్పింది నీరసం. నీరసం ఉన్నవాడు పడుకుంటాడు కానీ పైకప్పు చూస్తూ ఉంటాడు, నిద్ర పట్టదు. నిద్రమత్తు ఉన్నవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఐదు నిమిషాలు పలకరించకపోతే నిద్రపోతాడు. డాక్టర్ దగ్గర "పాప నీరసంగా ఉంటోంది" అని చెప్పకండి. "కూర్చున్న చోట నిద్రపోతోంది" అనే చెప్పండి. ఆ ఒక్క మాట తేడాకి నాకు తొమ్మిదేళ్ళు పోయాయి.

బోధన్_అన్న
మంగళవారం, మధ్యాహ్నం 1:30

తమ్మీ, నువ్వు చెప్పినంక ఆలోచించిన. నిజమే, నేను పండేటోణ్ణి గని నిద్ర వచ్చేది కాదు. చెల్లెమ్మా, నా మాట పక్కన పెట్టు, పాపను చూపియ్యి.

కాకినాడ_అమ్మ
మంగళవారం, రాత్రి 9:12

మానేరు తమ్ముడూ, సాయంత్రం కావాలనే దాని పక్కన కూర్చున్నాను. వాళ్ళ తమ్ముడు మాస్టారిని అనుకరిస్తుంటే పకపకా నవ్వింది. నవ్వుతుంటే కనురెప్పలు సగం వాలాయి, నాలుక కొంచెం బయటికొచ్చింది, చేతిలో మజ్జిగ గ్లాసు వదిలేసింది. గ్లాసు జారిపోయిందమ్మా అంది. ఈ నెలలో నాలుగు గ్లాసులు అలాగే జారాయి. అజాగ్రత్త అని తిట్టాను నేను. తిట్టాను.

ఇంకోసారి నవ్వించి ఫోన్‌లో తీశాను.

న్యూరో_పీజీ
మంగళవారం, రాత్రి 11:50

అమ్మా, నేను న్యూరాలజీ చదువుతున్న డాక్టర్ని. ఇక్కడ కూర్చుని జబ్బు పేరు చెప్పడం తప్పు, చెప్పను. కానీ ఆ వీడియో డిలీట్ చేయకండి. మీరు రాసినవన్నీ ఒక న్యూరాలజిస్టుకి వరసగా చెప్తే ఆయన తప్పకుండా ఆగి వింటారు. పిల్లల్లో నార్కోలెప్సీ మొదలైన కొత్తల్లో ముఖం వదులైపోవడం, నాలుక బయటికి రావడం, ఉన్నట్టుండి బరువు పెరగడం ఉంటాయి. పెద్దవాళ్ళ లక్షణాలే చదువుకున్న వాళ్ళు వీటిని దాటేస్తారు.

జ్వరానికీ దీనికీ సంబంధం ఉంటుందా అని అడిగారు. ఉండొచ్చు. కొంచెం వివరంగా రాస్తాను.

జ్వరం ఉన్నప్పుడు వచ్చే నిద్ర వేరు. ఒళ్ళు వైరస్‌తో పోరాడుతూ కొన్ని రసాయనాలు వదులుతుంది, అవి మెదడుకి చేరి మనల్ని పడుకోబెడతాయి. అది మేలు చేసే నిద్ర, జ్వరంతో పాటే పోతుంది. డెంగీ, చికున్‌గున్యా, కోవిడ్ తర్వాత నెలల తరబడి ఉండేది ఎక్కువగా నీరసం. కొందరికి గ్లాండ్స్ జ్వరం తెచ్చే ఎప్‌స్టీన్-బార్ వైరస్ తర్వాత వారాల పాటు అతినిద్ర ఉంటుంది, తర్వాత చాలామందికి తగ్గిపోతుంది.

మూడో రకం, అరుదైనది, మెదడులో శాశ్వతంగా ఒక భాగం దెబ్బతినడం. మెదడు అడుగున హైపోథలామస్ అనే చిన్న భాగం ఉంటుంది. ఆకలి, దాహం, ఒంటి వేడి అన్నీ అక్కడే చూసుకుంటుంది. అందులో 70 వేలకు అటూ ఇటూగా కొన్ని కణాలు ఒరెక్సిన్ అనే పదార్థం తయారు చేస్తాయి. మన మెదడులో మొత్తం నాడీకణాలు ఎనిమిదిన్నర వేల కోట్లకు పైనే, వాటిలో ఈ 70 వేలు ఏ మూలకి! కానీ మనం మెలకువగా ఉన్నంతసేపూ మెలకువని పట్టి ఉంచేవి ఇవే. ఇంటికి దూలం లాంటివి. మానేరు_తీరం గారికి ఉన్న రకంలో ఈ కణాలు నూటికి 85 నుంచి 95 వంతులు పోయి ఉంటాయి. దూలం పోతే మెలకువ కూలుతుంది, నిద్ర కూడా కూలుతుంది. అందుకే వాళ్ళు పగలు మేలుకోలేరు, రాత్రి ఏకధాటిగా నిద్రపోలేరు కూడా.

ఈ ఒరెక్సిన్‌ని 1998లో రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. అందుకే దానికి హైపోక్రెటిన్ అనే రెండో పేరు కూడా ఉంది, రిపోర్టులో ఏ పేరున్నా కంగారు పడకండి. 2000లో ఈ జబ్బున్న మనుషుల మెదడులో ఆ కణాలు లేవని తేలింది. నిద్రపోయే జబ్బు మనసుకి సంబంధించింది అనుకున్న కాలం అక్కడితో పోయింది, పోవాలి. కాని మన దగ్గర ఇంకా పోలేదు.

సందేహాల_శీను
బుధవారం, ఉదయం 8:30

డాక్టర్ గారూ, నేను చదివింది ఫ్లూ టీకా వల్ల ఇది వస్తుందని. యూరప్‌లో వేలమంది పిల్లలకి వచ్చిందంటారు. మరి టీకాని వదిలేసి వైరస్ మీదకి నెడుతున్నారేంటి? మా పిల్లలకి ఫ్లూ టీకా వేయించాలా వద్దా అని మా ఇంట్లో గొడవ.

హెల్సింకి_తెలుగమ్మాయి
బుధవారం, మధ్యాహ్నం 12:10

శీను గారూ, ఆ కథ నడిచిన ఊళ్ళో ఉంటున్నాను కాబట్టి నేను చెప్తాను. మీరు విన్నది ఉత్త పుకారు కాదు. 2009-10లో స్వైన్ ఫ్లూకి యూరప్‌లో పాండెమ్రిక్స్ అనే టీకా వేశారు, మూడు కోట్ల మందికి పైగా. 2010 ఆగస్టులో ఫిన్లాండ్, స్వీడన్ డాక్టర్లు ముందుగా గమనించారు, బడి పిల్లల్లో నార్కోలెప్సీ ఉన్నట్టుండి పెరిగిందని. ఫిన్లాండ్‌లో లెక్క తీస్తే, 4 నుంచి 19 ఏళ్ళ వయసులో ఆ టీకా వేసుకున్న ప్రతి 16 వేల మందిలో రమారమి ఒకరికి అదనంగా వచ్చింది. ప్రభుత్వం దాచలేదు, ఒప్పుకుంది, పరిహారం ఇచ్చింది.

నాతో పనిచేసే ఆవిడ కూతురు వాళ్ళలో ఒకతె. అప్పుడు ఏడేళ్ళు, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. బడిలో దానికో చిన్న మంచం వేసేవారట, మధ్యాహ్నం ఇరవై నిమిషాలు పడుకోవడానికి. కాకినాడ అక్క రాసింది చదివాక ఆ మంచమే గుర్తొస్తోంది నాకు. ఎండలో నిలబెట్టడం ఎక్కడ, మంచం వేయడం ఎక్కడ!

ఆ టీకా ఇప్పుడు ఎక్కడా వాడటం లేదు. మన దేశంలో వాడనే లేదు.

న్యూరో_పీజీ
బుధవారం, రాత్రి 10:25

హెల్సింకి గారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి రెండో సగం చైనాలో ఉంది. బీజింగ్‌లో డాక్టర్లు తమ దగ్గరకొచ్చిన నార్కోలెప్సీ రోగులందరికీ జబ్బు ఏ నెలలో మొదలైందో రాసిపెట్టారు. ఏటా ఏప్రిల్ చుట్టుపక్కల ఎక్కువ, నవంబర్‌లో తక్కువ. అంటే చలికాలపు ఫ్లూ ముమ్మరంగా ఉన్నాక ఐదు నుంచి ఏడు నెలలకి. 2009 స్వైన్ ఫ్లూ తర్వాతి ఏడాది కొత్త కేసులు మూడు రెట్లయ్యాయి. అక్కడ ఆ యూరప్ టీకా లేదు, ఆ రోగుల్లో ఎక్కువమంది స్వైన్ ఫ్లూ టీకా వేసుకోనివాళ్ళే. ఇది 2011లో అచ్చయింది.

రెండూ కలిపి చూస్తే విషయం అర్థమవుతుంది. వైరస్ నేరుగా వెళ్ళి ఆ కణాల్ని తినేస్తోందనడం కన్నా, వైరస్ మీదకి లేచిన మన సొంత సైన్యం పొరపాటున ఒరెక్సిన్ కణాల్ని శత్రువనుకుని చంపుతోందనడానికే ఆధారాలు ఎక్కువ. ఈ జబ్బున్న వాళ్ళ రక్తంలో ఒరెక్సిన్‌నే గురిపెట్టే రక్షణ కణాలు ఉన్నాయని 2018లో స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపించారు. ఆ సైన్యాన్ని రెచ్చగొట్టింది ఫ్లూ కావచ్చు, ఆ ఒక్క టీకా కావచ్చు. అది కూడా దాదాపుగా ఒకానొక జన్యువు ఉన్నవాళ్ళలోనే. ఆ జన్యువు మామూలు జనంలో కూడా చాలామందికి ఉంటుంది, వాళ్ళలో దాదాపు ఎవరికీ ఏమీ కాదు. కాబట్టి జన్యు పరీక్ష ఒక్కటే చేయించుకుని భయపడకండి.

శీను గారూ, ఇప్పటి మామూలు ఫ్లూ టీకాలకి ఈ సంబంధం కనిపించలేదు. ఫ్లూ రాకుండా చూసుకోవడమే మేలు. ఇంట్లో గొడవ ఆపేయండి.

సందేహాల_శీను
బుధవారం, రాత్రి 10:58

అర్థమైంది సార్. మా ఆవిడకి ఇది చదివి వినిపించాను. వచ్చే వారం వేయిస్తున్నాం.

చరిత్ర_పుటలు
గురువారం, ఉదయం 7:45

హైపోథలామస్ మాట వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1917లో వియన్నాలో కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకోనోమో అనే డాక్టరు ఒక వింత జబ్బు గురించి రాశాడు. జనం జ్వరం పడి, తింటూ తింటూ నిద్రలోకి జారిపోయేవారు. కొందరు వారాలు, నెలలు. లేపితే లేచి జవాబు చెప్పి మళ్ళీ పడిపోయేవారు. ఎన్సెఫలైటిస్ లెథార్జికా అని పేరు పెట్టాడు. పదేళ్ళలో అది ప్రపంచమంతా తిరిగి ఎంతోమందిని పొట్టన పెట్టుకుని మాయమైపోయింది. బతికినవాళ్ళలో చాలామంది తర్వాత కంపవాతంతో బిగుసుకుపోయారు. ఏ వైరస్ అన్నది ఇవాళ్టికీ తేలలేదు. 1918 ఫ్లూని అనుమానించారు, రుజువు దొరకలేదు.

నాకు ఆయన మీద గౌరవం ఎందుకంటే, చనిపోయిన వాళ్ళ మెదళ్ళు కోసి ఓపిగ్గా చూశాడు. ఎప్పుడూ నిద్రపోయిన వాళ్ళకి హైపోథలామస్ వెనక భాగం పాడైంది, అసలు నిద్ర పట్టక పోయిన వాళ్ళకి ముందు భాగం. నిద్రకీ మెలకువకీ మెదడులో చోట్లున్నాయని అప్పుడే చెప్పాడు. డాక్టర్ గారు చెప్పిన ఒరెక్సిన్ కణాలు దొరికింది కూడా దాదాపు ఆ పరిసరాల్లోనే, ఎనభై ఏళ్ళ తర్వాత.

శ్రీకాకుళం_అక్క
గురువారం, మధ్యాహ్నం 3:20

మా తమ్ముడిది ఇంకో రకం. చెప్తే ఎవరికైనా ఉపయోగపడుతుందేమో. పదహారేళ్ళప్పుడు జలుబు, జ్వరం వచ్చి తగ్గిన వారానికి పడుకున్నాడు. పన్నెండు రోజులు. రోజుకి పద్దెనిమిది గంటలు నిద్ర. బాత్రూమ్‌కి లేస్తాడు, గిన్నెడు అన్నం ఆత్రంగా తింటాడు, మనం ఎవరో తెలియనట్టు చూస్తాడు, మళ్ళీ పడుకుంటాడు. పదమూడో రోజు పొద్దున్నే లేచి స్నానం చేసి "ఇవాళ ఏం వారం?" అన్నాడు. రెండు నెలలకి మళ్ళీ. నాలుగు నెలలకి మళ్ళీ. మధ్యలో బంగారంలా ఉంటాడు. గాలి సోకిందని తిప్పని చోటు లేదు. దాన్ని క్లెయిన్-లెవిన్ సిండ్రోమ్ అంటారని చివరికి తెలిసింది. చాలామందికి మొదటిసారి ఇలా ఏదో జ్వరం వెనకే వస్తుందట. లిథియం ఇచ్చారు. వయసు పెరిగేకొద్దీ తగ్గింది, రెండేళ్ళుగా రాలేదు.

నిర్వాహకులు
గురువారం, సాయంత్రం 5:00

చదువుతున్న తల్లిదండ్రులందరికీ ఒక హెచ్చరిక, దీన్ని పైన పిన్ చేస్తున్నాం. ఇక్కడ మాట్లాడుతున్నది జ్వరం తగ్గిన వారాలు, నెలల తర్వాత వచ్చే నిద్ర గురించి. జ్వరం ఉండగానే బిడ్డ మగతగా పడి ఉండి, లేపినా సరిగా లేవకపోతే, పొంతన లేకుండా మాట్లాడితే, ఫిట్స్ వస్తే, మెడ బిగుసుకుంటే ఆ నిమిషమే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. అది మెదడువాపు కావచ్చు. జపనీస్ మెదడువాపుని మన దేశంలో మొదట 1955లో వెల్లూరు ప్రాంతంలో గుర్తించారు. వరి చేలలో పెరిగే దోమలు, పందులు ఉన్న చోట మన ఊళ్ళలోనూ చాలామంది పిల్లల్ని బలి తీసుకుంది. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే మెదడువాపుకి మందుంది, కానీ అది గంటల మీద ఆధారపడి ఉంటుంది. "నిద్రపోతోందిలే, లేపకండి" అని మాత్రం ఆగకండి.

పాత_మాస్టారు
గురువారం, రాత్రి 9:30

ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను. క్లాసులో నిద్రపోయిన పిల్లల్ని బెంచీ ఎక్కించాను, సుద్దముక్క విసిరాను. ఒక పిల్లవాడుండేవాడు, ఎనిమిదిలో మొదటి ర్యాంకు, తొమ్మిది సగంలో నిద్ర మొదలైంది. బెంచీ ఎక్కిస్తే నిలబడి తూగేవాడు. మిగతా పిల్లలు నవ్వితే వాడూ నవ్వేవాడు, నవ్వుతూ కింద కూలబడేవాడు. నాటకాలని ఇంకో రెండు తగిలించాను. పదో తరగతి తప్పాడు, చదువు మానేశాడు. పెయింటింగ్ పనికి వెళ్తూ నిచ్చెన మీంచి పడ్డాడని విన్నాను.

రెండు రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను, నిద్ర పట్టడం లేదు. వాడి ఇల్లు నాకు తెలుసు. రేపు వెళ్తాను. అమ్మా కాకినాడ తల్లీ, మీ బడికి నేను ఉత్తరం రాసిస్తానంటే రాసిస్తాను. ఒక టీచరు చెప్తే ఇంకో టీచరు వింటారు.

మానేరు_తీరం
గురువారం, రాత్రి 10:15

మాస్టారూ, వెళ్ళండి. తప్పకుండా వెళ్ళండి. మా వార్డెన్ ఒక్కసారి వస్తే బాగుండని ఇప్పటికీ అనుకుంటాను.

అక్కా, పరీక్ష గురించి. రెండు వారాలు రోజూ ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది కాగితం మీద రాయండి, డాక్టర్ అడుగుతారు. మొదట ఒక రాత్రంతా తల మీద, గడ్డం మీద, కాళ్ళ మీద వైర్లు అతికించి నిద్ర చూస్తారు. మర్నాడు పగలు రెండేసి గంటలకోసారి ఐదుసార్లు చీకటి గదిలో పడుకోబెడతారు. ఎన్ని నిమిషాల్లో నిద్రపోయింది, కలలొచ్చే నిద్ర వెంటనే వచ్చిందా అని చూస్తారు. మామూలు మనిషికి ఆ కలల నిద్ర గంటన్నరకి వస్తుంది, మాకు పడుకోగానే వచ్చేస్తుంది. సగటున 8 నిమిషాల లోపు నిద్రపోయి, కనీసం రెండుసార్లు కలల నిద్ర అలా వెంటనే వస్తే లెక్కలోకి తీసుకుంటారు.

ఒక్క జాగ్రత్త. మన దగ్గర స్లీప్ ల్యాబులు చాలా ఉన్నాయి కానీ ఎక్కువ చోట్ల గురక పరీక్షే చేస్తారు. పగటి పరీక్ష కూడా చేస్తారా అని ముందే ఫోన్ చేసి అడగండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో చేస్తారు. నేను అడక్కుండా వెళ్ళి ఒకసారి డబ్బులు పోగొట్టుకున్నాను. జిగురు వదలడానికి కొబ్బరినూనె తీసుకెళ్ళండి, పాపకి జుట్టు ఎక్కువ కదా.

కాకినాడ_అమ్మ
ఐదు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:30

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. వీడియో చూపించగానే న్యూరాలజిస్టు గారు మూడుసార్లు వెనక్కి తిప్పి చూశారు. నోట్సు పేజీ కూడా చూపించాను. ఎమ్మారై బాగుంది. మొన్న పరీక్ష అయింది.

ఐదుసార్లు పడుకోబెట్టారు. నేను అద్దం ఇవతల కూర్చున్నాను. లైటు ఆపడం, టెక్నీషియన్ నాకు ఇటు తిరిగి తల ఊపడం, అంతే. సగటు రెండున్నర నిమిషాలు. ఐదింటిలో నాలుగుసార్లు పడుకోగానే కలల నిద్రే. నార్కోలెప్సీ, మొదటి రకం అని రాశారు, అంటే ఒరెక్సిన్ కణాలు పోయే రకం. వెన్నులోంచి నీళ్ళు తీసి ఒరెక్సిన్ చూడొచ్చు కానీ నవ్వినప్పుడు ఒళ్ళు వదిలేయడం ఇంత స్పష్టంగా ఉంటే అవసరం లేదన్నారు. ఫ్లూ వల్లేనా అని అడిగాను. "ఈ ఒక్క పాప విషయంలో రుజువు చేయలేనమ్మా, కానీ వరస చూస్తే కుదురుతోంది" అన్నారు.

నయమైపోయే జబ్బు కాదన్నారు. అక్కడ నేను తట్టుకోలేకపోయాను. ఆ కణాలు తిరిగి రావట. పాపే నా చెయ్యి పట్టుకుని "అమ్మా, అంటే నేను బద్ధకిష్టిదాన్ని కాదు కదా" అంది. ఆ మాట డాక్టరు గారిని కూడా అడిగింది. కాదని ఆయన నోటితో చెప్పించుకుంది.

మొడాఫినిల్ తక్కువ మోతాదులో మొదలుపెట్టారు. ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపి రమ్మన్నారు. ఈతకి ఒంటరిగా పంపొద్దు, పొయ్యి దగ్గర ఒక్కదాన్నే వదలొద్దు, సైకిల్ ఇప్పుడే వద్దు అన్నారు. మధ్యాహ్నం ఇరవై నిమిషాల నిద్ర మందుతో సమానమన్నారు.

మాస్టారు గారి ఉత్తరం, డాక్టరు గారి కాగితం రెండూ పట్టుకుని బడికి వెళ్ళాను. హెడ్ మేడమ్ రెండుసార్లు చదివారు. స్టాఫ్ రూమ్ పక్క గదిలో చాప, దిండు పెట్టుకోమన్నారు. భోజనాల తర్వాత స్నేహితురాలు తీసుకెళ్ళి పడుకోబెట్టి, తలుపు దగ్గర కూర్చుని తన హోంవర్క్ చేసుకుని, మళ్ళీ లేపి తీసుకొస్తోంది. ఎండలో నిలబెట్టిన టీచరమ్మ వచ్చి పాప తల నిమిరారట. నాకింకా కోపం పోలేదు, అబద్ధం చెప్పను.

మందు వేసుకున్న మొదటి వారం తలనొప్పి అంటోంది. ఇది మామూలేనా తమ్ముడూ?

పాత_మాస్టారు
ఆదివారం, రాత్రి 9:05

చాలా సంతోషం తల్లీ. నేనూ వాణ్ణి కలిశాను. గుర్తుపట్టి కుర్చీ వేశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకు తీశాడు, వాళ్ళావిడ మామూలే అన్నట్టు చూసింది. లేచేదాకా కూర్చున్నాను. వచ్చే గురువారం వైజాగ్‌లో న్యూరాలజిస్టు దగ్గరకి ఇద్దరం కలిసి వెళ్తున్నాం. టికెట్లు తీశాను.

మానేరు_తీరం
ఆదివారం, రాత్రి 9:20

అక్కా, నాకూ మొదట్లో తలనొప్పి వచ్చింది, పది రోజుల్లో తగ్గింది. ఈ మందుతో ఆకలి మందగించి పొద్దున తినకుండా వెళ్ళిపోతారు, నీళ్ళు తాగడం మర్చిపోతారు. టిఫిన్ తిన్నాకే మాత్ర ఇవ్వండి, బడికి రెండు సీసాల నీళ్ళు పెట్టండి. పది రోజులు దాటినా తగ్గకపోతే డాక్టరు గారికి ఫోన్ చేయండి, మోతాదు మారుస్తారు.

మజ్జిగ స్టీలు గ్లాసులో కాకుండా మూత ఉన్న సీసాలో ఇవ్వండి. నవ్వినా పోదు.